గోడ వెంట మల్లెలు

1984 ఏప్రిల్ 21, శనివారం సాయంత్రం. హసన్‌పర్తి తోట.
ఉన్నవారు: నేను, నా భార్య, మా తమ్ముడు.

డైరీలో ఈ రెండు వరుసలు రాసి ఆగిపోయాను. మొదట తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరిన నాటి నుంచి నాకు అలవాటు. రిటైరైనా పోలేదు. ఈస్టర్ ముందటి శనివారం ఈ తోటలో ఉన్నవారిని రాస్తే మొట్టమొదట వచ్చేది మా మేనత్త. ఆ ఏడు ఆమె లేదు. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య పోయింది.

మేము మల్లె మొగ్గలు కోయడానికి వెళ్ళాము. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు పోయి, మనవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి రావడం మా వాళ్ళ ఆచారం. ఆ పూలు ఎప్పుడూ ఈ తోటవే.

తమ్ముడు గంప కింద పెట్టి, "అన్నా, ఇయ్యాల చేతులు కడుగుమని తిట్టేటోళ్ళు లేరు" అన్నాడు. అని, తనే బావి దగ్గరికి నడిచి మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. తర్వాత నేను కడుక్కున్నాను. నా భార్య అప్పటికే కడుక్కుని ఉంది.

మా మేనత్త దవాఖానలో కాన్పుల నర్సు. పెళ్ళి చేసుకోలేదు. వాడ వాళ్ళకు నర్సమ్మ, మాకు అత్తమ్మ. నన్ను చూసి నా భార్య కూడా అత్తమ్మా అనే పిలిచేది. ఉద్యోగం అయిపోయాక మా తాత కొన్న ఈ తోటలోని రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. తెల్లచీర మానలేదు. భుజం దగ్గర పిన్నీసుతో పెట్టుకునే నర్సుల గడియారం కూడా తీయలేదు. అది ఏనాడో ఆగిపోయింది. అయినా చెట్టు ముందు నిలబడితే ఒకసారి దాన్ని తిప్పి చూసుకునేది.

చెట్లు ఆమెకు పేషెంట్లు. జామ మొదలుకు చేయి వెనక్కి తిప్పి ఆనించి, "దీనికి జర ఒంట్ల బాగలేదు" అనేది. మామిడి పూతను నల్లి పట్టుకున్న ఏడు, తోటలో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. వేపను మాత్రం లెక్క చేసేది కాదు. "దానికి డాక్టరొద్దు, నర్సొద్దు. నడుచుకుంటనే కంటది" అని తీసిపారేసేది. ఉగాది ముందు రోజు పక్క చేన్ల వాళ్ళు వేప పూతకూ మామిడి పిందెలకూ వస్తే ఎంత కావాలంటే అంత కోసుకోమనేది. ఈత మట్టలైతే ఈస్టర్ ముందటి మట్టల ఆదివారానికి చర్చి వాళ్ళు వచ్చి కొట్టుకుపోయేవారు. బావి పక్కన ఉన్న మల్లె వరుస వైపు మాత్రం ఎవ్వరినీ రానిచ్చేది కాదు.

మల్లెను దాని ఇష్టానికి పూయనిచ్చేది కాదు. ఈస్టర్ ఒక ఏడు మార్చిలో వస్తుంది, ఒక ఏడు ఏప్రిల్ చివరికి పోతుంది. మల్లె సరిగ్గా ఆ తెల్లవారుజాముకే విచ్చాలి. క్రిస్మస్‌కు చర్చి క్యాలెండర్ రాగానే ఎర్ర అంకె చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకునేది. ఫలానా రోజు దాకా నీళ్ళు బంద్. ఫలానా రోజు ఆకు దూయడం, కొసలు కత్తిరించడం. తర్వాత మొదళ్ళు తవ్వి పశువుల ఎరువు వేసి తడి పెట్టడం. ఎండ ముదిరి మొగ్గలు తొందరపడితే పొదల మీద ఈత మట్టల నీడ కట్టేది. కట్టి, వంగి, ముద్దగా ఉన్న కొమ్మల మధ్యకు ముఖం పెట్టి చెప్పేది: "తొందరేం లేదు బిడ్డా. ఇంకా టైమున్నది."

ఆ మాట ఆమె దవాఖానలో ఎంతమంది ఆడవాళ్ళకు చెప్పి ఉంటుందో. నా భార్యకు కూడా చెప్పిందట.

ఆదివారాలు నేను వరంగల్ నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఉండిపొమ్మని ఎన్నడూ అనలేదు. మా ఇంటికి రమ్మంటే, "మీ ఇంట్ల మాటలెక్కువ, నిద్ర తక్కువ" అనేది. నేను లేవకముందే, "ఇగ పో, బస్సు తప్పుతది" అనేది. బస్సుకు ఇంకా గంట టైముండేది. సాగనంపడానికి గేటు దాకా వచ్చేది కాదు, నేను చెప్పులు వేసుకుంటుండగానే బావి వైపు తిరిగేది. ఒక ఆదివారం సగం దారిలో గొడుగు గుర్తొచ్చి వెనక్కి వెళ్ళాను. ఆమె మల్లెల మధ్య కూర్చుని ఉంది. "...పిల్ల సన్నగైందంట. ఈనికేమో మోకాళ్ళు నొస్తున్నయంట, దవాఖానకు పొమ్మంటె పోడు..." అంతకుముందు నేను చెప్పిన సంగతులన్నీ వరసగా పొదలకు చెబుతోంది. గొడుగు తీసుకోకుండానే వచ్చేశాను.

మల్లెల కోసం నా భార్యతో ఒకసారి గొడవ పడింది. 1973 కావచ్చు. మల్లెలు మంచి మొగ్గ మీద ఉన్నాయి, ఈస్టర్‌కు ఇంకా వారం ఉంది. నా భార్య నెక్కొండలో అక్క ఇంటికి పోయే ముందు నాతోపాటు తోటకు వచ్చింది.

"ఏంది పిల్లా, కొంగుల?" అని అడిగింది అత్తమ్మ.

"నాలుగు మొగ్గలే అత్తమ్మా. మా అక్క బిడ్డకు తలల పెడ్దామని."

"పండుగ అయినంక పెట్టు."

"పండుగ అయినంక పోతానా నేను? ఇయ్యాల పోతాన. రైలుకు టైమైతాంది."

"అయితే రైలుకే చెప్పు, జర వారం రోజులాగి పొమ్మని."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. నా భార్య ముఖం ఎర్రబడింది. "చచ్చినోళ్ళకేనా పూలు? బతికున్నోళ్ళం నీ కండ్లకు ఆనమా?"

"బతికున్నోళ్ళకు బజారున్నది పిల్లా."

నా భార్య కొంగు విప్పి మొగ్గలన్నీ బావి గట్టు మీద కుమ్మరించి, వెనక్కి చూడకుండా గేటు దాటింది. మళ్ళీ ఆరేళ్ళ దాకా ఈ తోటలో ఒక్క పువ్వు ముట్టలేదు.

ఇంట్లో అందరిదీ అదే ఫిర్యాదు. ఈస్టర్ తెల్లవారుజామున మేము కొవ్వొత్తులతో సమాధుల తోటకు చేరేసరికి ఆమె పని ముగించుకుని గేటు దగ్గర నిలబడి ఉండేది, గంప ఖాళీగా. మా తాత మీద, నాయనమ్మ మీద, మా నాన్న మీద రెండేసి మల్లెలు ఉండేవి. "ఇంట్ల పూసిన పూలు ఇంటోళ్ళకు రెండే మిగులుతయా?" అని మా అమ్మ ప్రతి ఏడూ గొణిగేది. మిగతావి ఎవరికి పెడుతోందని ఎవరమూ అడగలేదు. ఏ పేదవాళ్ళకో పంచుతుందనుకున్నాము.

1978లో ఆమె లెక్క తప్పింది.

ఆమె వంటింట్లో ఒకటే మేకు. పాత క్యాలెండర్ మీద గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి బొమ్మ ఆమెకు ఇష్టం. అందుకని దాన్ని తీయకుండా దాని మీదే కొత్తది తగిలించింది. ఆ ఏడు మా ఇంటికి చర్చి క్యాలెండర్ అందలేదని నా భార్య ఆమె దగ్గర కొత్తది అడిగి తెమ్మంది. ఆమె ఇంకా పండుగ తేదీ చూసుకోకముందే నేను తెచ్చాను. ఇంకొకటి తెచ్చిస్తానని చెప్పి మరిచిపోయాను. అత్తమ్మకు అప్పటికే చూపు మందగించింది. మేకు మీద మిగిలిన పాతదాంట్లో ఎర్ర అంకె చూసి, ఈస్టర్ ఏప్రిల్‌లో అనుకుంది. నిజానికి ఆ ఏడు పండుగ మార్చిలోనే ఉంది.

ఒక శనివారం నేను తోటలో ఉండగా చర్చి వాళ్ళు ఇద్దరు కొడవళ్ళతో వచ్చారు.

"నర్సమ్మా, మట్టలకొచ్చినం."

"అప్పుడే ఏం మట్టలయ్యా? ఇంకా రెండు వారాలున్నది గదా."

"రెండు వారాలెక్కడిది? రేపే మట్టల ఆదివారం. పై ఆదివారం ఈస్టర్. నువ్వు గూడ మర్చిపోతె ఎట్ల నర్సమ్మా?"

ఆమె లోపలికి పోయింది. మేకు దగ్గర నిలబడి క్యాలెండర్ అట్ట వెనక్కి తిప్పి చూడడం కిటికీలోంచి నాకు కనిపించింది. బయటికి వచ్చాక దాని గురించి ఒక్క మాట అనలేదు, అప్పుడూ, తర్వాతా. మల్లెల దగ్గరికి వెళ్ళింది. మొగ్గలు బియ్యపు గింజంత ఉన్నాయి.

ఆ వారమంతా పొదలను వదల్లేదట. నీడ మట్టలు పీకి పారేసింది. పొద్దున గోరువెచ్చని నీళ్ళు పోసింది. గురువారం నేను వెళ్ళేసరికి కొమ్మల్లో ముఖం పెట్టి, "కానియ్ బిడ్డా, కానియ్. ఇగ అయిపోతది, కానియ్" అంటోంది. మొగ్గలు కదలలేదు. ఈస్టర్ నాడు ఆమె సమాధుల తోటకు రానే లేదు. మధ్యాహ్నం వెళ్ళి ఎందుకు రాలేదని అడిగితే, "ఒట్టి చేతులతోటి ఎట్ల రావాలె?" అంది.

పండుగ వెళ్ళి రెండు వారాలైన తర్వాత, ఏదో పనిదినం, నాకు రాత్రి డ్యూటీ ఉండి పగలు తోటకు వెళ్ళాను. మల్లెలు వరుసంతా తెల్లగా ఉన్నాయి. ఆమె అప్పటికే కోసి, తన పాత తెల్లచీర ముక్క తడిపి అందులో చుట్టి, గంపలో పెట్టి సిద్ధంగా ఉంది.

"మంచిగ వచ్చినవ్ అల్లుడా. పట్టు గంప."

బస్సంతా వాసన. కండక్టర్ టికెట్టు చింపుతూ, "ఎవరి పెండ్లి అవ్వా?" అన్నాడు.

"చిన్న పిల్లలది."

"చిన్న పిల్లలకు పెండ్లేందవ్వా?"

"అందుకే, ఒట్టి పూలే."

కండక్టర్ నవ్వుకుంటూ ముందుకు పోయాడు. సమాధుల తోట కాపలాదారు కూడా లేచి వచ్చి, "నర్సమ్మా, పండుగ అయిపాయె గదా!" అన్నాడు. "మీకయింది" అని ఆమె లోపలికి నడిచింది.

మా వాళ్ళ వరుస దగ్గర ఆగలేదు. పడమటి గోడ దాకా పోయింది. అక్కడ సమాధులు లేవు. రాళ్ళు లేవు, శిలువలు లేవు. గోడ పొడుగునా ఎండిన గడ్డి, తంగేడు మొక్కలు. ఆమె ఎడమ చేయి గోడకు ఆనించి, వంగి, నేల మీద నాలుగు మల్లెలు పెట్టింది. రెండడుగులు వేసి మళ్ళీ వంగింది. ఒకచోట ఎక్కువ దూరం నడిచి, ఒకచోట పక్కపక్కనే.

"ఇక్కడ ఎవరున్నారు అత్తమ్మా?"

"ఉన్నరు. జర పక్కకు నిలబడు, తొక్కుతానవ్."

పక్కకు జరిగాను. అప్పుడు అర్థమైంది.

పేరు పెట్టకముందే పోయిన పసిగుడ్లను ఆ రోజుల్లో గోడ పక్కన పెట్టేవారు. రాయి ఉండేది కాదు. తల్లి చూడకూడదు, తండ్రి వెంట పోకూడదు అనేవారు పెద్దలు. పోతే మళ్ళీ కాన్పు నిలవదని భయం. దవాఖానలో అలాంటివి జరిగినప్పుడు బట్టలో చుట్టుకుని ఇక్కడిదాకా తెచ్చి పెట్టింది ఈమె. మా మొదటి బిడ్డ కూడా అలాగే పోయింది. ఆడపిల్ల. నేను స్టేషన్ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. అత్తమ్మ తన చీర చింపి చుట్టి తీసుకుపోయిందని చెప్పారు. ఆ తర్వాత మాకు ఇద్దరు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యారు. ఆ మొదటి బిడ్డ మాట ఇంట్లో మళ్ళీ రాలేదు. నేను నా భార్యను అడగలేదు, ఆమె నన్ను అడగలేదు.

గూడ్సు ఆఫీసులో చీటీ లేని మూట ఉండదు. ఎవరిదో తెలియనిదాన్ని ఎలా చూడాలో నాకు తెలియదు. గోడ వెంట తెల్లగా కనిపిస్తున్న ఆ చోట్లను ఒక్కొక్కటే చూస్తూ అడిగాను: "మాది ఏది అత్తమ్మా?"

ఆమె వంగినది వంగినట్టే ఉంది. "చెప్పను."

"ఎందుకు?"

"చెప్తే నువ్వు ఒక్కదానికే పెడ్తవ్."

"పోనీ, మా ఆమెకన్నా చెప్పు."

"ఆ పిల్ల ఎన్నడు అడగలే." నడుము పట్టుకుని లేచి, "అడుగుతె చూద్దాం. ఆ గంప ఇటు పట్టు" అంది.

ఆ రోజు డైరీలో నేను రాసింది: అత్తమ్మతో సమాధుల తోటకు. ఎండ ఎక్కువ. అంతే.

సాయంత్రం డ్యూటీకి పోకముందు నా భార్యకు చెప్పాను. బియ్యం ఏరుతోంది. చేటలో చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. "అంత ఎండల పోయినవ్, గొడుగన్న తీస్కపోవద్దా" అంది. మరుసటి ఏడు ఆకు దూసే రోజులు రాగానే, నేను పిలవకుండా, ఒక్కతే బస్సెక్కి హసన్‌పర్తి వెళ్ళింది. నేను వెనక బస్సులో వెళ్ళేసరికి ఇద్దరూ మల్లె ఆకు దూస్తున్నారు. చెరో కొసన. "ఆకు దూయి పిల్లా, కొమ్మ గుంజకు" అన్న ఒక్క మాట మాత్రం వినిపించింది.

ఆనాటి నుంచి ప్రతి ఈస్టర్‌కూ మా అందరికంటే ముందు, చీకటితోనే ఆ ఇద్దరూ వెళ్ళేవారు. గోడ దాకా ఇద్దరే. పండుగ మర్నాడు అత్తమ్మ పొదల మీద మిగిలిన మొగ్గలన్నీ కోసి నా భార్య ఒడిలో పోసి, "ఇగ నీ ఇష్టం" అనేది. అవి నా భార్య తలలో పెట్టుకోగా నేను చూడలేదు. ఇంటికి తెచ్చి వాడలో ఆడపిల్లలకు ఇచ్చేసేది.

1983 డిసెంబర్‌లో జ్వరం తగ్గక, మొదటిసారి అత్తమ్మ మా ఇంటికి వచ్చి పడుకుంది. మా కిటికీలోంచి చెట్టు కనిపించదు, ఎదురింటి గోడ కనిపిస్తుంది. "కొత్త క్యాలెండర్ వచ్చిందా?" అని రెండుమూడుసార్లు అడిగింది. తెచ్చి చేతికిచ్చాను. వేలితో తడిమి పక్కన పెట్టింది. ఎక్కువగా నా భార్యే దగ్గర కూర్చునేది. నేను గదిలోకి వెళితే ఇద్దరూ మాట ఆపేసేవారు. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు.

ఆమె పోయాక మాకు ఏం చేయాలో తోచక జనవరి మొదట్లోనే మల్లెలకు ఆకు దూసేశాము. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ చివరికి వచ్చింది. మేము ఆగలేకపోయాము. మార్చి నెలలో తోట తెల్లబడింది. నా భార్య ఒక్క మొగ్గ కోయనివ్వలేదు. అవి విచ్చి, రంగు మారి, బావి గట్టు మీద రాలిపోయాయి. పండుగ ముందటి శనివారానికి పొదల్లో మిగిలింది రెండో విడతలో మొదట వచ్చిన మొగ్గలే. అక్కడొకటి, ఇక్కడొకటి. ముగ్గురం పొద్దు గూకే దాకా వెతికి కోసినా గంప అడుగు నిండలేదు.

"వదినా, పొద్దుగాల బజార్ల ఇంకిన్ని తీసుకుందాం" అన్నాడు తమ్ముడు.

"బజారు మనకు" అంది నా భార్య. అత్తమ్మ పెట్టెలోంచి తెల్లచీర ముక్క తీసి, బావి నీళ్ళలో తడిపి, మొగ్గలను చుట్టింది. మూట మరీ చిన్నది.

మర్నాడు ఈస్టర్. చీకటితోనే నేనూ నా భార్యా సమాధుల తోటకు వెళ్ళాము. మూట విప్పితే మొగ్గలన్నీ విచ్చి ఉన్నాయి. ఆమె పడమటి గోడ దగ్గరికి పోయి, ఎడమ చేయి గోడకు ఆనించి వంగింది. అయిదేళ్ళు అత్తమ్మ వెంట నడిచింది కాబట్టి ఏ చోట ఆగాలో ఆమెకు తెలుసు. చోటుకు ఒక్క మల్లె. నేను మూట పట్టుకుని వెనక నడిచాను. ఆమె చేతిని చూస్తూ నడిచాను. ఎక్కడైనా కాస్త ఎక్కువసేపు ఉంటుందేమో, ఎక్కడైనా రెండు పెడుతుందేమో అని. అన్నిచోట్లా ఒకేలా వంగింది, ఒకేలా లేచింది.

చివరికి ఉండబట్టలేక అడిగాను. "నీకు చెప్పిందా?"

"చెప్తనన్నది, మొన్న మంచంల ఉండంగ. నేనే వద్దన్న."

"ఎందుకు?"

ఆమె ఇంకో చోట వంగి పువ్వు పెట్టి లేచింది. "ఇన్నేండ్లు ఒక్కతే అందరిని చూసుకున్నది. నాకొక్కదానికి చెప్పి పోవుడేందని అనిపించింది." నడుము మీద చేయి పెట్టుకుని గోడ చివరిదాకా చూసింది. "నడువు. ఇంకా ఉన్నరు."

గోడ అయిపోయేసరికి మూటలో పూలు అయిపోయాయి. అవతల మా వాళ్ళు కొవ్వొత్తులతో రావడం మొదలైంది. తమ్ముడు బజారు నుంచి తెచ్చిన దండలతో తాత, నాయనమ్మల దగ్గర నిలబడి ఉన్నాడు. అత్తమ్మ సమాధి ఆ వరుస చివర. ఇంకా రాయి కట్టలేదు, మట్టి కుప్ప, కర్ర శిలువ. తమ్ముడు ఒక దండ ఇవ్వబోతే నా భార్య చేత్తో వద్దంది. నా చేతిలోంచి ఖాళీ బట్ట తీసుకుని, ఒకసారి దులిపి, మడతలు విప్పి మట్టి మీద పరిచింది. నాలుగు మూలలా గాలికి లేవకుండా మట్టిబెడ్డలు పెట్టింది.

పొద్దెక్కే దాకా అది తడిగానే ఉంది. మల్లెల వాసన వస్తూనే ఉంది.